బంగారం ఒకటే, పైనున్న లైగాండ్ మారితే వెలుగు ఎందుకు మారుతోంది?

బ్రాడీపేట_ఎమ్మెస్సీ:

అందరికీ నమస్కారం. గుంటూరులో ఎమ్మెస్సీ కెమిస్ట్రీ ఫైనలియర్ చదువుతున్నాను. ప్రాజెక్టు బంగారు నానోక్లస్టర్ల మీద, అంటే లెక్కపెట్టగలిగినన్ని పరమాణువులే ఉండే అతి చిన్న బంగారు కణాల మీద. వచ్చేవారం సెమినార్ ఉంది, ఒక్క విషయం మాత్రం ఎంత చదివినా బుర్రకెక్కడం లేదు, అందుకే ఇక్కడ అడుగుతున్నాను.

ఒకే సీసాలోని గోల్డ్ క్లోరైడ్‌తో, పైన పట్టుకుని ఉండే అణువు (దాన్నే లైగాండ్ అంటారు) మార్చి మూడు రకాలు చేశాం. మొదటిది బీఎస్ఏ, అంటే ఆవు రక్తంలో ఉండే ఆల్బుమిన్ ప్రోటీన్‌తో. ప్రోటీన్ ద్రావణంలో గోల్డ్ క్లోరైడ్ పోసి, రెండు నిమిషాలాగి సోడియం హైడ్రాక్సైడ్ వేసి, 37 డిగ్రీల దగ్గర రాత్రంతా కలుపుతూ ఉంచితే లేత పసుపు కాస్తా పొద్దునకల్లా ముదురు గోధుమరంగుకు తిరిగింది. గదిలో లైట్లు ఆపేసి 365 నానోమీటర్ల యూవీ దీపం కింద పెడితే ఎర్రగా వెలుగుతోంది. రెండోది గ్లూటాథయోన్‌తో, 70 డిగ్రీల దగ్గర ఒక రోజు. ఇది నారింజ రంగులో, మొదటిదానికంటే ఇంకా బాగా వెలుగుతోంది. మూడోది ఫినైల్ ఈథేన్ థయోల్ అనే గంధకం ఉన్న అణువుతో, బోరోహైడ్రైడ్ వేసి చేసింది. ఇది నీళ్లలో కరగదు, టాలీన్‌లో కరుగుతుంది, చూడటానికి ముదురు ఎర్ర గోధుమ. దీపం కింద పెడితే మాత్రం చీకటే, ఏమీ కనపడదు.

టెమ్ (ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్)లో చూస్తే మూడూ దాదాపు ఒకటే సైజు, 2 నానోమీటర్ల లోపే. మేం చదువుకున్నదేమో "కణం సైజు తగ్గితే రంగు మారుతుంది" అని. సైజు మారలేదు, లోహం మారలేదు, మరి వెలుగు ఎందుకు మారింది? గైడ్‌ని అడిగితే "లైగాండ్ ఎఫెక్ట్" అని ఒక్క మాటలో చెప్పారు. నాకు తెలిసి లైగాండ్ పని కణాలు ఒకదానికొకటి అతుక్కుని ముద్ద కాకుండా ఆపడం, ఏ ద్రావణిలో కరగాలో చూసుకోవడం. దానికి వెలుగుతో ఏం పని? మా ఇంట్లో బంగారం పని చేసేవాళ్లు ఉన్నారు, పట్నం బజార్లో కొట్టు. ఫొటో చూపిస్తే "ఎర్రగా వెలిగేది బంగారం ఎట్లా అవుద్ది, దాని మీద పూసిందేదో వెలుగుతోంది" అన్నారు. అదీ కాదని చెప్పలేకపోయాను, ఎందుకంటే నాకూ తెలియదు. తెలిసినవాళ్లు కొంచెం వివరంగా చెప్పండి ప్లీజ్.

నంబూరు_స్కాలర్:

మంచి ప్రశ్న అడిగారు. ముందు మీ బుర్రలో ఉన్న బొమ్మ మార్చాలి. లోపల లోహపు గుండు, పైన లైగాండ్ల కప్పు అనే బొమ్మ పెద్ద కణాలకు చాలావరకు సరిపోతుంది. సిట్రేట్‌తో చేసే 15 నానోమీటర్ల బంగారు కణం తీసుకోండి, అందులో దాదాపు లక్ష పరమాణువులుంటాయి, వాటిలో ఉపరితలం మీద ఉండేవి కొద్ది శాతమే. ఆ కణాల ఎరుపు, అదే 520 నానోమీటర్ల చుట్టుపక్కల వచ్చే ప్లాస్మాన్ పట్టీ, లోపలి ఎలక్ట్రాన్లన్నీ కలిసి ఊగడం వల్ల వచ్చేది. లైగాండ్ మారిస్తే ఆ పట్టీ కొన్ని నానోమీటర్లు అటూ ఇటూ జరుగుతుంది, అంతే. 1857లో ఫారడే చేసిన ఎర్ర బంగారు ద్రావణం కథ కూడా అదే.

మీ మూడో సీసాలో ఉన్నది అది కాదు. ఫినైల్ ఈథేన్ థయోల్‌తో ఆ పద్ధతిలో ఎక్కువగా వచ్చేది గోల్డ్ 25, అంటే 25 బంగారు పరమాణువులు, 18 థయోలేట్లు (హైడ్రోజన్ వదులుకుని గంధకంతో బంగారాన్ని పట్టుకున్న థయోల్స్). లెక్క చూడండి, పరమాణువులు 25, లైగాండ్లు 18. ఇక ఇక్కడ ఏది లోపల, ఏది పైన?

దీనికి జవాబు 2007 దాకా ఎవరికీ సరిగ్గా తెలియదు. గంధకం వెళ్లి బంగారం ఉపరితలం మీద కూర్చుంటుందనే అనుకునేవాళ్లు. 2007లో స్టాన్‌ఫర్డ్‌లో కార్న్‌బెర్గ్ బృందం (అంతకుముందు ఏడాదే ఆయనకు జన్యు ట్రాన్స్‌క్రిప్షన్ మీద కెమిస్ట్రీ నోబెల్ వచ్చింది, పూర్తిగా వేరే రంగం) 102 బంగారాలు, 44 థయోలేట్లున్న క్లస్టర్ స్ఫటికం తీసి ఎక్స్‌రేతో చూసింది. చూస్తే గంధకం ఊరికే కూర్చోలేదు, ఉపరితలం మీదున్న బంగారు పరమాణువుల్ని పైకి లేపేసి తన గొలుసులో కలుపుకుంది. గంధకం, బంగారం, గంధకం ఇలా చిన్న గొలుసు, రెండు కొసలూ లోపలి గుండుకి గుచ్చుకుని ఉంటాయి. స్టేపులర్ పిన్నులా ఉందని దాన్ని స్టేపుల్ అనేశారు. మరుసటి ఏడాది 2008లో నార్త్ కరోలినాలో మర్రే బృందం, కార్నెగీ మెలన్‌లో జిన్ బృందం విడివిడిగా గోల్డ్ 25 నిర్మాణం తేల్చాయి. మధ్యలో ఒక బంగారం, దాని చుట్టూ 12 మూలల్లో 12, మొత్తం 13 ఉన్న గుండు. దాని చుట్టూ ఆరు స్టేపుల్స్, ఒక్కొక్క దాంట్లో రెండు బంగారాలు, మూడు గంధకాలు. ఆరు రెళ్లు పన్నెండు, ఆరు మూళ్లు పద్దెనిమిది, లెక్క సరిపోయింది.

అంటే మీ సీసాలోని బంగారంలో దాదాపు సగం లోపలి గుండులో లేనే లేదు, లైగాండ్లతో కలిసి ఆ "కప్పు"లోనే ఉంది. కాజూ బర్ఫీ మీద వెండి రేకులా పైన అంటించి, గీకితే పోయేది కాదిది. లైగాండ్ తీసేస్తే మిగిలేది అదే క్లస్టర్ కాదు. దీన్ని ఒక అణువులా చూడండి, కణంలా కాదు. అప్పుడు మీ ప్రశ్నలో సగం తేలిపోతుంది, ఎందుకంటే అణువులో ఒక ముక్క మారిస్తే గుణాలు మారడం కెమిస్ట్రీలో కొత్తేమీ కాదు కదా.

ఇంట్లోవాళ్లు అన్నదాంట్లో కూడా పాయింటుంది. బీఎస్ఏ ఒక్కటే, గ్లూటాథయోన్ ఒక్కటే దీపం కింద పెడితే ఎర్రగా వెలగవు, అది చేసి చూపించండి. కానీ మెడలో వేసుకునే గొలుసులోని బంగారం కూడా అలా వెలగదు. రెండూ కలిసిన చోట పుట్టే వెలుగది.

గవర్నర్‌పేట_లెక్చరర్:

పై జవాబు బాగుంది. ఎలక్ట్రాన్ల లెక్క కూడా చేర్చుకుంటే మీ సెమినార్‌కి వెన్నెముక దొరుకుతుంది, పైగా బోర్డు మీద ఒక నిమిషంలో వేసి చూపించగలిగేది. నేను డిగ్రీ పిల్లలకు విజయవాడలో చెబుతుంటాను, ఇది చెప్పినప్పుడు వాళ్ల మొహాల్లో కనపడే సంతోషం వేరు.

బంగారం పరమాణువు ఒక్కొక్కటి తన 6ఎస్ ఎలక్ట్రాన్ ఒకటి ఉమ్మడిగా ఇస్తుంది. థయోలేట్ ఒక్కొక్కటి అందులోంచి ఒక ఎలక్ట్రాన్‌ని తన బంధానికి లాక్కుంటుంది. గోల్డ్ 25 మామూలుగా మైనస్ ఒకటి ఆవేశంతో దొరుకుతుంది. కాబట్టి 25 లోంచి 18 తీసేసి ఒకటి కలపండి, 8 వస్తుంది. గుండంతా ఒకే పెద్ద పరమాణువు అనుకుంటే, దాని కర్పరాలు 2, 8, 18, 34, 58 దగ్గర నిండుతాయి. ఎనిమిదితో కర్పరం నిండింది, జడవాయువులా స్థిరంగా కూర్చుంది. అందుకే అన్ని సైజుల మధ్య 25 అంత తేలిగ్గా మిగిలిపోతుంది. ఇప్పుడు 102 చూడండి, అందులోంచి 44 తీసేస్తే 58. అదీ నిండిన కర్పరమే. 2008లో హాకినెన్ తదితరులు ఈ లెక్కనే సూపర్ ఆటమ్ సిద్ధాంతంగా పెట్టారు. అన్ని క్లస్టర్లూ దీనికి లొంగవు, ఆ మాట కూడా సెమినార్‌లో చెప్పండి, లేకపోతే ఎవరో ఒకరు గోల్డ్ 38 తీసుకొచ్చి అడుగుతారు. అక్కడ 38 లోంచి 24 పోతే 14, లోపల రెండు గుండ్లు అతుక్కున్న నిర్మాణం, దాన్ని గుండ్రటి సూపర్ ఆటమ్ అనడం కుదరదు.

ఇక్కడే లైగాండ్ రకం ముఖ్యమని గమనించండి. థయోలేట్ ఎలక్ట్రాన్ తీసుకుంటుంది. క్లోరైడ్ కూడా తీసుకుంటుంది. ట్రైఫినైల్ ఫాస్ఫీన్ తీసుకోదు, తన ఒంటరి జంటను ఇచ్చి ఊరుకుంటుంది. అందుకే 11 బంగారాలు, 7 ఫాస్ఫీన్లు, 3 క్లోరైడ్లు ఉన్న క్లస్టర్‌లో లెక్క 11 లోంచి 3 తీసేస్తే 8, ఫాస్ఫీన్లను లెక్కలోకి తీసుకోం. అంటే పైన ఏ అణువు ఎన్ని ఉన్నాయో దాన్ని బట్టి ఎన్ని బంగారాలు కలిసి స్థిరపడతాయో కూడా మారిపోతుంది. కణం ముందు తయారై లైగాండ్ తర్వాత వచ్చి కప్పడం కాదు జరిగేది.

మీ మూడో సీసా గురించి ఇంకో మాట. దాన్ని గాలిలో మూత తీసి చాలాసేపు ఉంచకండి. ఆ మైనస్ ఒకటి క్లస్టర్ ఒక ఎలక్ట్రాన్ పోగొట్టుకుంటే తటస్థంగా మారుతుంది, రంగు ఎర్ర గోధుమ నుంచి ఆకుపచ్చ వైపు తిరుగుతుంది. ఏడు ఎలక్ట్రాన్లంటే ఒకటి జతలేనిది, కాబట్టి ఈపీఆర్‌లో (జతలేని ఎలక్ట్రాన్లను పట్టే పరీక్షలో) సిగ్నల్ కూడా ఇస్తుంది. లోహం ఒక్కటి కూడా పోలేదు, లైగాండ్ ఒక్కటి కూడా పోలేదు, ఒక్క ఎలక్ట్రాన్‌కే రంగు మారింది.

బ్రాడీపేట_ఎమ్మెస్సీ:

మేడమ్, చాలా థాంక్స్, 102 లోంచి 44 తీసేసి 58 రావడం చూసి నిజంగా ఒళ్లు పులకరించింది. స్కాలర్ గారూ, మీకు కూడా. టెన్షన్ సగం తగ్గింది. కానీ వెలుగు సంగతి ఇంకా తేలలేదండీ. ఎలక్ట్రాన్ల లెక్క థయోల్ ఏదైనా ఒకటే కదా, గ్లూటాథయోన్ కూడా గంధకంతోనే పట్టుకుంటుంది, ఫినైల్ ఈథేన్ థయోల్ కూడా గంధకంతోనే. మరి ఒకటి వెలిగి ఒకటి వెలగకపోవడం ఏంటి?

నంబూరు_స్కాలర్:

ముందు "వెలగకపోవడం" అన్న మాట దగ్గర ఆగుదాం. గోల్డ్ 25లో ఎలక్ట్రాన్లు నిండిన స్థాయికీ, పైనున్న ఖాళీ స్థాయికీ మధ్య శక్తి తేడా 1.33 ఎలక్ట్రాన్ వోల్టులు. దాని ఉద్గారం, అంటే అది వదిలే వెలుగు, ఎక్కువగా ఎరుపు దాటి, నియర్ ఇన్‌ఫ్రారెడ్ వైపు ఉంటుంది, అదీ చాలా బలహీనంగా. మన కంటికి ఆ ప్రాంతం కనపడదు. మీ డిపార్ట్‌మెంట్‌లో ఫ్లోరిమీటర్ (ఉద్గారాన్ని కొలిచే పరికరం) డిటెక్టర్ 800 నానోమీటర్ల దాకానే చదివేదైతే దానికీ సరిగ్గా కనపడదు. కాబట్టి సెమినార్‌లో "వెలగదు" అనకండి, "కంటికి కనపడే ప్రాంతంలో ఉద్గారం లేదు" అనండి.

ఇక లైగాండ్ వెలుగుని పెంచే దారులు నాకు తెలిసి ముఖ్యంగా రెండు. ఒకటి, ఎలక్ట్రాన్లు ఇవ్వడం. 2010లో జిన్ బృందం అదే గోల్డ్ 25 మీద వేరువేరు థయోల్స్ పెట్టి చూసింది. గ్లూటాథయోన్ లాంటి, నత్రజని, ఆక్సిజన్ ఉన్న, ఎలక్ట్రాన్లు దండిగా ఉన్న లైగాండ్లతో వెలుగు పెరిగింది, మామూలు హైడ్రోకార్బన్ తోక ఉన్నవాటితో తక్కువగా ఉంది. గంధకం మీదుగా లోహానికి ఎలక్ట్రాన్ సాంద్రత వెళ్లడం, లేదా ఆ గుంపులు నేరుగా బంగారంతో సంబంధం పెట్టుకోవడం కారణమని వాళ్ల వాదన.

రెండోది, నాకు ఇంకా ఇష్టమైనది, బిగింపు. ఉత్తేజితమైన క్లస్టర్ తన శక్తిని కాంతిగా వదలొచ్చు, లేదా స్టేపుల్స్ ఊగుతూ, తిరుగుతూ ఆ శక్తిని వేడిగా ఖర్చు చేసేయొచ్చు. పైనున్న గొలుసులు వదులుగా ఊగుతుంటే రెండోదే గెలుస్తుంది. వాటిని కదలకుండా పట్టి ఉంచితే కాంతి గెలుస్తుంది. 2015లో 22 బంగారాలు, 18 గ్లూటాథయోన్లు ఉన్న క్లస్టర్ మీద ఒక ప్రయోగం వచ్చింది. గ్లూటాథయోన్‌కి చివర కార్బాక్సిలేట్లుంటాయి కదా, వాటికి టెట్రా ఆక్టైల్ అమ్మోనియం అనే భారీ ధనావేశపు అయాన్లను జత చేశారు. లోహాన్ని ముట్టుకోలేదు, గంధకాన్ని ముట్టుకోలేదు, లైగాండ్ బయటి కొసని మాత్రమే బరువెక్కించి బిగించారు. క్వాంటమ్ ఈల్డ్ (పీల్చుకున్న కాంతిలో తిరిగి వెలుగుగా వచ్చే వంతు) 8 శాతం దగ్గర్నుంచి 60 శాతం దాటింది. ఈ ఒక్క ఫలితం చాలు మీ ప్రశ్నకి.

మన దగ్గర కూడా దీని మీద మంచి పని జరిగింది. ఐఐటీ మద్రాస్‌లో ప్రదీప్ గారి బృందం 29 వెండి పరమాణువుల క్లస్టర్ మీద రెండో రకం లైగాండ్లుగా ఉన్న నాలుగు ట్రైఫినైల్ ఫాస్ఫీన్ల బదులు రెండు చేతులున్న డైఫాస్ఫీన్లు పెట్టి చూస్తే వెలుగు దాదాపు 30 రెట్లు పెరిగింది, 0.9 శాతం నుంచి 30 శాతానికి. 2018లో వచ్చింది ఆ పేపర్, తప్పకుండా చదవండి, మన పక్క రాష్ట్రంలో జరిగిన పని అని చెప్పుకోవడానికి కూడా గర్వంగా ఉంటుంది.

మీ బీఎస్ఏ కూడా ఈ లెక్కలోకే వస్తుంది. అందులో 35 సిస్టీన్లున్నాయి, అంటే 35 గంధకాలు, వాటిలో 34 జతలు కట్టి ఉంటాయి. మీరు సోడియం హైడ్రాక్సైడ్ వేసి పీహెచ్ 12 దగ్గరికి తీసుకెళ్లగానే ప్రోటీన్ విప్పుకుంటుంది, టైరోసిన్లు బంగారాన్ని క్షయకరణం చేస్తాయి, గంధకాలు పట్టుకుంటాయి. అందుకే మీకు బోరోహైడ్రైడ్ అక్కర్లేకపోయింది. క్లస్టర్ ఆ పెద్ద ప్రోటీన్ మడతల్లో ఇరుక్కుని ఉంటుంది, ఊగడానికి చోటుండదు. 2009లో ఈ పద్ధతి మొదట రాసినవాళ్లు ఉద్గారం 640 నానోమీటర్ల దగ్గర, క్వాంటమ్ ఈల్డ్ 6 శాతం అని ఇచ్చారు.

ఆటోనగర్_కేటలిస్ట్:

పైన చెప్పినవన్నీ సరైనవే, కానీ అసలు ప్రశ్నలో ఒక లొసుగుంది, దాన్ని ఎవరూ పట్టుకోలేదు. "సైజు మారలేదు" అని ఎలా చెప్తున్నారు? టెమ్ చూసి. టెమ్‌కి 22కీ 25కీ 28కీ తేడా తెలియదు. పైగా ఇంత చిన్న క్లస్టర్ల మీద ఎలక్ట్రాన్ కిరణం పడితే అవి అక్కడికక్కడే కలిసిపోయి పెద్దవవుతాయి కూడా. అందుకని మీ మూడు సీసాల్లో ఉన్నది ఒకే క్లస్టర్ మీద మూడు లైగాండ్లు అనుకోవడానికి ఆధారం లేదు. మూడూ మూడు వేరువేరు క్లస్టర్లు కావచ్చు, నా అనుమానం అవేనని.

లైగాండ్ మారిస్తే క్లస్టరే మారిపోవడం ఎంత మామూలో చూడండి. మీ గోల్డ్ 25నే తీసుకుని, దాని మీదున్న ఫినైల్ ఈథేన్ థయోల్ స్థానంలో టెర్షియరీ బ్యూటైల్ బెంజీన్ థయోల్ దండిగా వేసి వేడిచేస్తే, ఊరికే తోకలు మారవు. 28 బంగారాలు, 20 థయోలేట్లున్న కొత్త క్లస్టర్ వస్తుంది. గోల్డ్ 38కి అదే చేస్తే గోల్డ్ 36 వస్తుంది, లోపలి అమరిక కూడా పూర్తిగా మారి మామూలు బంగారంలోని ఘనాకార అమరికకు దగ్గరవుతుంది. బెంజీన్ వలయం నేరుగా గంధకానికి అతికి ఉండటం, దాని మీద ఆ లావాటి గుంపు ఉండటం, ఇవి లోపలి బంగారాన్ని మళ్లీ పేర్చేస్తున్నాయి. అలాంటప్పుడు వెలుగు మారితే అది లైగాండ్ వల్లా, లోపలి గుండు మారడం వల్లా? విడదీయకుండా "లైగాండ్ ఎఫెక్ట్" అనేస్తే ప్యానెల్‌లో ఒక్కరు గట్టిగా అడిగినా ఇబ్బందే.

లైగాండ్ ఎఫెక్ట్ అని ధైర్యంగా చెప్పగలిగిన ఉదాహరణ కావాలంటే ఉత్ప్రేరకాల్లో ఉంది. 2017లో చైనాలో క్వాన్ మింగ్ వాంగ్ బృందం 38 బంగారాల క్లస్టర్లు రెండు తీసుకుంది. రెండింటికీ నాలుగేసి ఫాస్ఫీన్లు, లోపలి లోహపు అమరిక ఒకటే. తేడా ఒక్కటే, మిగతా 20 లైగాండ్లు ఒకదానికి ఆల్కైనైల్, ఇంకోదానికి థయోలేట్. ఆల్కైన్‌ని ఆల్కీన్ దగ్గర ఆపే హైడ్రోజనీకరణంలో ఆల్కైనైల్‌ది దాదాపు పూర్తిగా మార్చేసింది, థయోలేట్‌ది దాదాపు ఏమీ చేయలేదు. లోహం ఒకటే, సంఖ్య ఒకటే, అమరిక ఒకటే. ఇలా ఉన్నప్పుడే ఆ మాట నిలబడుతుంది.

నంబూరు_స్కాలర్:

కేటలిస్ట్ గారితో ఒప్పుకుంటాను, ఒక్క చోట తప్ప. లోపలి గుండు మారిపోయింది కాబట్టి అది లైగాండ్ ఎఫెక్ట్ కాదు అనలేం. ఆ గుండు మారడానికి కారణం కూడా లైగాండే కదా. నేనైతే రెండు ప్రశ్నలుగా విడదీస్తాను. ఏ క్లస్టర్ పుట్టాలో లైగాండ్ ఎలా నిర్ణయిస్తుంది అన్నది ఒకటి, పుట్టిన క్లస్టర్ మీద దాని గుణాలను ఎలా మారుస్తుంది అన్నది రెండోది. మీ మూడు సీసాలు మొదటి ప్రశ్నకు మంచి సాక్ష్యం. రెండోదానికి ఇంకా కావు.

ఇంకో మాట, ఈ లైగాండ్ పొర ఎంత చురుకైనదో తెలియాలంటే 2016లో ప్రదీప్ గారి బృందమే చూపించింది చూడండి. గోల్డ్ 25, సిల్వర్ 25, రెండూ ఒకే నిర్మాణం, 18 థయోలేట్లు. రెండు ద్రావణాలు మామూలు ఉష్ణోగ్రత దగ్గర కలిపితే చాలు, బంగారం, వెండి పరమాణువులు ఒకదాంట్లోంచి ఒకదాంట్లోకి మారిపోతాయి, 25, 18 అన్న సంఖ్యలు మాత్రం చెక్కుచెదరవు. రెండు క్లస్టర్లు ఎదురుపడినప్పుడు ముందు తగిలేది స్టేపులే, మార్పిడి మొదలయ్యేదీ అక్కడేనని వాళ్ల వివరణ. కాపలా కాయాల్సిన పొరే తలుపు కూడా అయింది.

కృష్ణలంక_నుంచి:

మధ్యలో వస్తున్నందుకు ఏమీ అనుకోకండి. నేను కెమిస్ట్రీ వాణ్ణి కాదు, నీళ్ల పరీక్షల మీద ఆసక్తి. ఈ బీఎస్ఏ బంగారం పాదరసం తగిలితే ఆరిపోతుందని విన్నాను. మన కృష్ణ నీళ్లలో అలా చూడొచ్చా?

ఆటోనగర్_కేటలిస్ట్:

ఆరిపోవడం నిజమే. ఆ క్లస్టర్ పైపొరలో ప్లస్ ఒకటి స్థితిలో ఉన్న బంగారాలుంటాయి, వాటికి పాదరసం ప్లస్ రెండు అయాన్‌తో గట్టి ఆకర్షణ, రెండింటిదీ నిండిన 5డీ కర్పరమే. అది వచ్చి అతుక్కోగానే వెలుగు పోతుంది. కానీ రాగి అయాన్లు కూడా బీఎస్ఏ క్లస్టర్‌ని ఆర్పుతాయి, రాగికి ప్రోటీన్‌తో చుట్టరికం ఎక్కువ. కాబట్టి బ్యారేజీ దగ్గర పట్టిన నీళ్లలో వెలుగు తగ్గితే అది పాదరసమే అనలేం. ఇదీ లైగాండ్ మీద ఆధారపడే సంగతే చూడండి, పైన ప్రోటీన్ కాకుండా ఇంకోటుంటే రాగి అంత తేలిగ్గా దగ్గరికి రాకపోవచ్చు. నీళ్ల గురించి నిజంగా ఆందోళన ఉంటే ల్యాబ్‌కి ఇచ్చి ఐసీపీ మాస్‌లో (ఏ లోహం ఎంతుందో విడివిడిగా కొలిచే పరికరంలో) చూపించండి.

బ్రాడీపేట_ఎమ్మెస్సీ:

ఇంత ఓపిగ్గా రాసినందుకు అందరికీ పేరుపేరునా థాంక్స్. సెమినార్‌లో స్కాలర్ గారు చెప్పినట్టు రెండు ప్రశ్నలుగా విడదీసి చెప్తాను. కేటలిస్ట్ గారూ, మరి మూడూ ఒకే క్లస్టరా కాదా అని తేల్చడానికి మా దగ్గరున్నవాటితో ఏదైనా దారుందా? మాస్ స్పెక్ట్రోమీటర్ (అణువుల బరువు తేల్చే పరికరం) మా దగ్గర లేదు, బయటికి పంపాలి, దానికి టైం పడుతుంది. యూవీ విజిబుల్ (ఏ కాంతిని ఎంత పీల్చుకుంటుందో కొలిచేది) ఉంది, ఫ్లోరిమీటర్ ఉంది, జెల్ ఎలక్ట్రోఫోరిసిస్ బయోకెమిస్ట్రీ వాళ్లను అడగొచ్చు.

ఆటోనగర్_కేటలిస్ట్:

యూవీ విజిబుల్ ఉంటే ఈరోజే మొదలుపెట్టొచ్చు. గోల్డ్ 25కి శోషణ గీతలో 670 నుంచి 690 నానోమీటర్ల మధ్య ఒక స్పష్టమైన గుట్ట ఉంటుంది, ఇంకా 450, 400 దగ్గర్లో మరో రెండు. మూడో సీసాలో అవి కనపడాలి. కనపడకపోతే అది శుద్ధి కాలేదని అర్థం, మిథనాల్‌తో కడిగి అదనపు థయోల్ తీసేసి, మిగిలినదాన్ని అసిటోనైట్రైల్‌లోకి లాగి మళ్లీ చూడండి. ఇప్పుడు అదే పరిధిలో గ్లూటాథయోన్ సీసా, బీఎస్ఏ సీసా చూడండి. 70 డిగ్రీల పద్ధతిలో చేసిన గ్లూటాథయోన్ క్లస్టర్లకు, బీఎస్ఏ వాటికి మామూలుగా 670 దగ్గర ఆ గుట్ట రాదు, గీత జారుడుబల్లలా దిగిపోతుంది. అలా వస్తే వాటిలో ఉన్నది ఆ గోల్డ్ 25 కాదని మీ చేతిలో సాక్ష్యం ఉన్నట్టే, మాస్ ఫలితం వచ్చేదాకా ఆగక్కర్లేదు. 70 డిగ్రీలది లోపల చిన్న గుండు, చుట్టూ ప్లస్ ఒకటి బంగారం, థయోలేట్ల పొడవాటి గొలుసులు ఒత్తుగా ఉన్న రకం, అలా ఒత్తుగా ఉండటం వల్లే వెలుగుతుంది, 2012లో సింగపూర్‌లో షీ బృందం చూపించింది.

సరైన పోలిక కావాలంటే గ్లూటాథయోన్‌తోనే నిజమైన గోల్డ్ 25 చేయాలి. మంచులో పెట్టి బోరోహైడ్రైడ్‌తో క్షయకరణం చేయండి, వచ్చే మిశ్రమాన్ని అదనపు గ్లూటాథయోన్‌తో 55 డిగ్రీల దగ్గర ఉంచితే మిగతా సైజులు కరిగిపోయి 25 మిగులుతుంది, ఇది త్సుకుడా వాళ్ల పద్ధతి. జెల్ మీద వేస్తే ఆ గోధుమ పట్టీ విడిగా కనపడుతుంది, కోసి తీసి నీళ్లలో నానబెట్టండి. 670 గుట్ట రెండింటికీ వచ్చిందనుకోండి, అప్పుడు ఒకే లోహపు గుండు, రెండు వేరే థయోల్స్ మీ బల్ల మీద ఉన్నట్టు.

వెలుగు పోల్చేటప్పుడు మాత్రం దీపం కింద కంటితో చూసి చెప్పొద్దు. అన్నింటినీ ఒకే తరంగదైర్ఘ్యం దగ్గర శోషణ 0.1 లోపు, సమానంగా ఉండేలా పలుచన చేసి అప్పుడు ఉద్గారం తీయండి. ఒకటి నీళ్లలో, ఒకటి టాలీన్‌లో ఉంటుంది కాబట్టి వక్రీభవన గుణకం సవరణ వేయడం మర్చిపోవద్దు. బీఎస్ఏ సీసాకి ప్రోటీన్ ఒక్కదాన్నే, అదే పీహెచ్ దగ్గర, బ్లాంక్‌గా పెట్టండి. బయటికి మాస్‌కి పంపే సీసా మాత్రం ముందు డయాలసిస్ చేసి సోడియం బాగా తీసేసి పంపండి, గ్లూటాథయోన్ మీద కార్బాక్సిలేట్లు చాలా ఉంటాయి, ఒక్కో దానికి ఒక్కో సోడియం అతుక్కుని ఒక్క శిఖరం బదులు పదులకొద్దీ వస్తాయి, అప్పుడు 25ని వెతుక్కోవడం కష్టం.